వంశావళిలో పేర్లు మింగేయకండి

పాస్టరు పని నుంచి రిటైరై మదనపల్లెలో స్థిరపడ్డాక, కొత్తగా సేవలోకి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. మైకు సెట్టు ఏది కొనాలి, ప్రసంగం ఎంతసేపు చెప్పాలి అని అడుగుతారు. మొదటిది నాకు తెలియదు. రెండోదానికి మా ఆవిడ కమల వంటింట్లోంచే జవాబు చెబుతుంది. "ఆయన్ని అడగొద్దు నాయనా, ఆయన ఎన్నడూ టయానికి దిగలేదు" అంటుంది. పిల్లలు నవ్వుతారు, నేనూ నవ్వుతాను. వాళ్లు వెళ్లిపోయాక, అడగాల్సింది అడగలేదే, చెప్పాల్సింది నేను చెప్పలేదే అనిపిస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

ట్రాన్స్‌ఫర్లు, కమిటీ తగాదాలు, ఎవరి కాలంలో గోపురం కట్టారు అన్న సంగతులు ఇందులో ఉండవు. అవి గుడి గోడల మీద రాళ్లలో చెక్కించి ఉన్నాయి, ఓపిక ఉన్నవాళ్లు చదువుకోవచ్చు. ఈ పని నాకు నేర్పిన కొద్దిమంది మనుషుల గురించి రాస్తాను.

ముందుగా ఒక మాట. మా తాత ఉపదేశి. ఊరూరా నడిచి వాక్యం చెప్పి, చెట్ల కింద బడి నడిపినవాడు. మా నాన్న పాస్టరు, నేనూ పాస్టరునే. మా వైపు సంఘాల్లో ఇది మామూలు. పాస్టరు అయ్యగారింట్లో మగపిల్లవాడు పుడితే ఉయ్యాల్లోనే వాడికి పులిపీఠం, అదే ప్రసంగం చెప్పే చోటు, రిజర్వు అయిపోతుంది. మాకు పిల్లలు లేరు. నా తర్వాత ఎవరు అనే ప్రశ్న నా ఉద్యోగమంతా నా వెంట నడిచింది. అడిగినవాళ్లు ప్రేమగానే అడిగేవారు, అదే ఇంకా కష్టంగా ఉండేది.

కుప్పంలో లిల్లీ టీచరు

నాకు సొంతంగా అప్పజెప్పిన మొదటి సంఘం కుప్పం. అక్కడ ఒకే బెంచీలో తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినిపిస్తాయి. డిసెంబరు మొదటి ఆదివారం మత్తయి సువార్త మొదటి అధ్యాయం చదవాలి. ఆ అధ్యాయం మొదట్లో ఏముందో మీకు తెలుసు. అబ్రాహాము ఇస్సాకును కన్నాడు, ఇస్సాకు యాకోబును కన్నాడు అంటూ ఒక పెద్ద జాబితా. నేను అదంతా దాటేసి, యోసేపు కల దగ్గర మొదలుపెట్టి చదివేశాను.

ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర నిలబడి అందరికీ చేతులు కలుపుతున్నాను. లిల్లీ టీచరు వచ్చింది. హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి, పెళ్లి చేసుకోలేదు, ఎండ ఉన్నా లేకున్నా చేతిలో గొడుగు ఉంటుంది. చెయ్యి కలపలేదు.

"ఏం అయ్యగారూ, అన్ని పేర్లూ ఒక్క గుటకలో మింగేస్తిరే!"

"టైము చాలదని, టీచర్."

"టైమా? క్రిస్మస్ కేరల్స్‌కు ఏ వీధికి ఏ రోజు పోవాలో అంతసేపు చదివితిరి గదా. దానికి యాడ నుంచి వచ్చింది టైము? నేను హాజరు పిలిచేటప్పుడు వెనక బెంచీ పిల్లోని పేరు ఒకటి మరిస్తే, వాడు సాయంత్రం దాకా నా మొగం సూసేవాడు కాదు. దేవుడు ఇన్ని పేర్లు ఓపిగ్గా రాయిస్తే, మీకు చదివేదానికి ఓపిక లేదా?"

నేను ఏదో అని తప్పించుకున్నాను. అసలు సంగతి టైము కాదు. ఆ వచనాలు చదువుతుంటే కమల ముందు బెంచీలో తల వంచుకుని కూర్చునేది. పెళ్లయ్యాక మా నాన్నగారి గుడిలో ఉన్న డిసెంబర్ల నుంచీ అంతే. ప్రతి వచనంలోనూ ఎవరో ఒకరు ఎవరినో ఒకరిని కంటారు. ఆరాధన అయ్యాక ఆడవాళ్లు చుట్టూ చేరి "హన్నాకు లేక లేక బిడ్డనిచ్చిన దేవుడు నీకూ ఇస్తాడమ్మా" అంటారు. వాళ్ల నోళ్లు మూయించలేను కాబట్టి వచనాలే మూసేశాను.

ఆ వారం టీచరు మా ఇంటికి కాఫీకి వచ్చినప్పుడు కమలే ఈ సంగతి చెప్పేసింది. నేను వద్దని సైగ చేస్తూనే ఉన్నాను. టీచరు కాఫీ మొత్తం తాగి, గ్లాసు కింద పెట్టి, నా వైపు తిరిగింది.

"నాకు మాత్రం ఎవరుండారు అయ్యగారూ? అయినా ఆ పాఠం నాకు ఇష్టం. మీరు మధ్యలో నిలిపేస్తాండారు, అదీ మీ తప్పు. చివరి దాకా పోండి. చివర్లో ఒక వడ్లాయన ఉండాడు. ముందున్నోళ్లంతా కన్నారు. ఆయన కనలేదు. ఏసయ్యను పెంచినాడు. ఆయన పేరు ఆ వరసలో ఉండాదా లేదా?"

వడ్రంగి యోసేపు గురించి అంతకుముందు ఎన్ని ప్రసంగాలు చెప్పానో నాకే తెలియదు. ఈ సంగతి మాత్రం నా బుర్రకు తట్టలేదు. కమల లేచి లోపలికి పోయింది. టీచరుకు ఇంకో గ్లాసు కాఫీ తెచ్చింది.

మరుసటి ఏడు నుంచీ పేర్లన్నీ చదివాను. షయల్తీయేలు, జెరుబ్బాబెలు దగ్గర నాలుక మడతపడితే, రెండో బెంచీలోంచి టీచరు పరీక్షలో పిల్లలకు చెప్పినట్టు గట్టిగా అందించేది. సంఘమంతా నవ్వేది. కమల తల వంచుకోవడం మాత్రం మానలేదు. ఒక మాటతో మానిపోయే బాధ కాదు అది.

వంశావళుల గురించి అప్పటి నుంచే శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ ఒకటి అర్థమైంది. మన ఇళ్లలో వంశం పేరు చెప్పుకునేది గొప్ప కోసం. బైబిలులో ఆ పట్టికలు రాసినవాళ్లు గొప్ప కోసం రాసి ఉంటే మామ వల్ల గర్భవతైన తామారునూ, వేశ్య రాహాబునూ దాచేసేవాళ్లు. దావీదు రాజు కాజేసుకున్న ఊరియా భార్య ఊసు ఎత్తేవాళ్లే కాదు. మనలాంటివాళ్లం రాసి ఉంటే తప్పకుండా దాచేవాళ్లం.

అంగళ్లులో షెడ్డు

కుప్పం తర్వాత మదనపల్లెలో దేవదానం అయ్యగారి కింద పనిచేశాను. పేరుకు పై అధికారి, నిజానికి గురువు. చావు ఇంటికి వెళ్లి ఎక్కువ మాట్లాడకూడదని, రోగి మంచం మీద కూర్చోకూడదని, ఎవరింట్లో ఏం పెట్టినా కొంచెమైనా తిని రావాలని ఆయనే నేర్పారు. ఈ రోజుకీ నేను చేసిన మంచి పనుల్లో సగం ఆయన పనులే.

అంత మనిషికీ ఒక చోట చూపు ఆనలేదు. ఆయనకు ఆలస్యంగా పుట్టిన ఒక్కగానొక్క కొడుకు శామ్యూలు. పుట్టకముందే దేవుని సేవకు ఇస్తామని మొక్కుకున్నారు. మీలో కూడా అలా మొక్కుబడి మీద వచ్చినవాళ్లు ఉంటారు, అందుకే చెబుతున్నాను. శామ్యూలు ప్రాణమంతా ఇంజన్ల మీద. చర్చి జీపు చెడిపోతే ఆ పిల్లవాడి ముఖం వెలిగిపోయేది. పులిపీఠం ఎక్కితే చెమటలు. అయినా చదివించారు, తెల్ల అంగీ తొడిగించారు. ఒక ఆదివారం ప్రసంగం మధ్యలో ఆగిపోయి, ముందు బెంచీలో ఉన్న తండ్రిని చూసి, "నాయనా, ఇది నాకు రాదు" అని దిగిపోయాడు.

దేవదానం అయ్యగారు చాలాకాలం కొడుకుతో మాట్లాడలేదు. నాకైతే లోపల్లోపల ఆయన మీద కోపం వచ్చింది. కొడుకు ఉండి కూడా కొడుకును పోగొట్టుకుంటున్నాడే ఈ మనిషి అనిపించింది. శామ్యూలు మదనపల్లె పక్కన అంగళ్లు ఊర్లో ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు పెట్టుకున్నాడు. తండ్రి రిటైరయ్యాక ఒకరోజు ఆ దారిలో పోతూ చూస్తే, షెడ్డు ముందర కుర్చీలో మా దేవదానం అయ్యగారే. పక్కన టీ గ్లాసు. వచ్చిన రైతుతో, "మావాడు లేని పని ఉందని చెప్పడప్పా, చెడిపోని సామాను మార్చడు" అని చెబుతున్నారు.

శామ్యూలుకు ఎవరి పేరు పెట్టారో ఆ సమూయేలు ప్రవక్త కథ మనకు ఎంతో ఇష్టం. తల్లి మొక్కింది, బిడ్డను గుడికి ఇచ్చింది, ఆ బిడ్డ ప్రవక్త అయ్యాడు. అక్కడ ఆపేస్తాం. ఆ సమూయేలే ముసలివాడయ్యాక తన కొడుకుల్ని న్యాయాధిపతులుగా పెట్టాడు, వాళ్లు లంచాలు తిన్నారు. మోషే తర్వాత మోషే కొడుకు రాలేదు, నూను కొడుకు యెహోషువ వచ్చాడు. అలాగని ఇంటి వరస దండగ అనను. తిమోతికి విశ్వాసం అవ్వ దగ్గర నుంచీ అమ్మ దగ్గర నుంచీ వచ్చిందని పౌలు మురిసిపోయాడు. మా నాన్న పాడే పాటలే ఇప్పటికీ నా నోట్లో ఆడుతుంటాయి. ఇంటినుంచి రావచ్చు. అయితే మన దారిలో ఇంకొకరు నడవాలని మొక్కుకునే హక్కు మనకు లేదు.

పుంగనూరులో చెంగప్ప

పుంగనూరులో ఉన్నప్పుడు కమలకు కామెర్లు వచ్చాయి. మేకపాలు మంచివని ఎవరో చెబితే, దగ్గరి పల్లె నుంచి వెంకటరమణ అనే అబ్బాయి రోజూ తెచ్చి ఇచ్చేవాడు. డిగ్రీ చివరి ఏడు చదువుతున్నాడు. తండ్రి చెంగప్పకు గొర్రెలు, మేకలు. తల్లి అంతకుముందే పోయింది. చెక్కభజనలో పెరిగిన గొంతు కావడం వల్లనో ఏమో, గుడిలో పాటల ప్రాక్టీసు జరుగుతుంటే క్యాను పట్టుకుని అరుగు మీద నిలబడిపోయేవాడు. కమలకు నయమైంది, పాలు మానేశాం. రమణ మాత్రం రావడం మానలేదు.

ఒకసారి ఏసు చెప్పిన తప్పిపోయిన గొర్రె ఉపమానం అడిగి చెప్పించుకున్నాడు. మరుసటి రోజు వచ్చి, "మా నాయనకు చెప్తిని అయ్యగారూ. ఈ కత చెప్పినాయన జీవాలు మేపినోడే అన్నాడు" అన్నాడు. మేము ఇద్దరం సంతోషపడ్డాం.

కొంతకాలానికి బాప్తిస్మం కావాలన్నాడు. ఆ తర్వాత బైబిలు కాలేజీకి పోతానన్నాడు. నాకు ఆ రోజు కాళ్లు నేల మీద ఆనలేదు. ఇంట్లో కమల ముందు "మనవాడు, మనవాడు" అంటూ తిరిగాను.

అప్పుడు చెంగప్ప వచ్చాడు. మధ్యాహ్నం ఎండలో గేటు బయటే నిలబడ్డాడు. తలకు తువాలు, చేతిలో కర్ర. లోపలికి రమ్మంటే రాలేదు. కమల చెంబుతో నీళ్లిస్తే తీసుకోలేదు.

"నువ్వు మా పిల్లోనికి చెప్పిన కతే అయ్యగారూ. మందంతా పదిలంగా ఉండాది. ఒకటి తప్పిపోయింది. ఎతుక్కుంటా ఎతుక్కుంటా వస్తే నీ గడపకాడికి వచ్చింది ఆనవాలు."

నేను గేటు తీశాను. ఆయన కదల్లేదు.

"నా పెండ్లాం పొయ్యింది. ఉండేది వాడొక్కడు. పెద్దలకు నీళ్లిడిసేదెవరు? మా ఇంటి పేరు యాడికి పోవాల? నీకు కొడుకులు లేరని నా కొడుకును తోలకపోతాండావా?"

అంతే అన్నాడు. తిరిగి వెళ్లిపోయాడు. ఆయన కేకలు వేసి ఉంటే నాకు కొంచెం సుళువుగా ఉండేది. మన ప్రసంగాల్లో తప్పిపోయిన గొర్రెను వెతికేది ఎప్పుడూ మనమే. ఆ మధ్యాహ్నం వెతుక్కుంటూ వచ్చినవాడు గేటు బయట నిలబడ్డాడు, నేను లోపల ఉన్నాను.

కమల నీళ్ల చెంబు అలాగే పట్టుకుని అడిగింది. "ఆయన అడిగింది నిజమా, కాదా?"

"నేనేం వాణ్ని బలవంతం చేయలేదే" అన్నాను.

"నేనడిగింది అది కాదు" అంది.

నేను అంగళ్లు బస్సెక్కాను. దేవదానం అయ్యగారు షెడ్డులోనే ఉన్నారు. అంతా విని, గ్రీజు చేతులతో ట్రాక్టరు కింద పడుకుని ఉన్న కొడుకు వైపు కాసేపు చూశారు. "నా కొడుకును నేనే ఈడ్చినాను. కన్నవాణ్ని గనక వాడు క్షమించినాడు. ఇంకొకరి కొడుకును ఈడిస్తే నిన్ను క్షమించేదెవరప్పా? దేవుడు పిలిచి ఉంటే కాస్త ఆగితే ఏం? ఆయన గొంతేమన్నా బొంగురుపోతుందా?" అన్నారు.

తిరిగి వచ్చి రమణను ఇంటికి పంపేశాను. మీ నాయన తన నోటితో పొమ్మని చెప్పేదాకా బాప్తిస్మమూ లేదు, కాలేజీకి నా సిఫారసూ లేదన్నాను. వాడికి కోపం, ఏడుపు రెండూ వచ్చాయి.

"దేవుడు పిలిస్తే మీరు పొమ్మంటారా అయ్యగారూ?"

"చిన్న సమూయేలు కూడా రాత్రి దేవుని పిలుపు విని గుడిలో ఉండే ముసలాయన ఏలీ దగ్గరికే పరిగెత్తినాడు గదా. ఏలీ ఏం చెప్పినాడు? పోయి పండుకోమన్నాడు. నేనూ అదే చెప్తాండా. నిన్ను పిలిచినాయన మళ్లీ పిలుస్తాడు. అంతవరకూ మీ నాయన జీవాలు చూసుకో."

వాడు వెళ్లిపోయాక ఇల్లు బోసిపోయింది. నేను సరైన పనే చేశానని ఆ రోజు నాకు నమ్మకం లేదు. సేవలో చాలాసార్లు ఇంతే. సరైనదని తెలిసి చేసేది తక్కువ, వేరే దారి కనబడక చేసేది ఎక్కువ.

రెండు మూడేళ్లు గడిచాయి. రమణ మందతోనే ఉన్నాడు. వీలైన ఆదివారాలు వచ్చి వెనక కూర్చుని వెళ్లేవాడు. నేను పిలవలేదు, పొమ్మనలేదు. ఒకనాడు చెంగప్ప మళ్లీ గేటు దగ్గరికి వచ్చాడు. ఈసారి లోపలికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. కమల నీళ్లిస్తే చెంబెత్తి గడగడా తాగాడు. ఆ నీళ్లు గొంతు దిగుతుంటే నా ప్రాణం కుదుటపడింది.

"మనిసి మందలో ఉండాడు, మనసు ఈడుండాది. ఒక్క మాట ఎదురు చెప్పలా. పొమ్మనీ నన్ను అడగలా. కాలు కట్టేసిన జీవం మేత ముట్టదు అయ్యగారూ. ఎన్నాళ్లని కట్టేసేది? తోలకపో. అయితే రెండు మాటలు. పెద్దల పండగ నాడు వాడు నా పక్కన కూసోని అన్నం తినాల. వాడు మొక్కేది వద్దు, పూజకు ముందే వాని ఇస్తరాకు ఏస్తాను. రెండోది, వాని పేరు మార్సగూడదు. అది మా తాత మొక్కుకొని పెట్టిన పేరు."

సరేనన్నాను. మొదటి మాట నిలుపుకోవడం తేలికే అయ్యింది. కష్టమంతా రెండోదానితో వచ్చింది.

పేరు గొడవ

మా సంఘాల్లో బాప్తిస్మం ఇచ్చేటప్పుడు కొత్త పేరు పెట్టడం అలవాటు. తప్పనిసరి అని ఎక్కడా లేదు, అయినా నీళ్లలో మునిగితే పేరు మారాల్సిందే అన్నట్టు ఉంటుంది. కమిటీ వాళ్లు రమణకు పేర్లు కూడా సిద్ధం చేసి పెట్టారు. పేరు మార్చడం లేదని చెప్పగానే గోల మొదలైంది. కమిటీలో పెద్దాయన ఒకరు లేచారు.

"రేపు వీడు పాస్టరు అవుతాడు. బోర్డు మీద రెవరెండ్ వెంకటరమణ అని రాస్తే జనం తిరుపతి బస్సు యాడ నిలబడుతుందని అడుగుతారు అయ్యగారూ!"

నాకూ నవ్వొచ్చింది. నవ్వేసి చెప్పాను. క్రీస్తు వంశంలో ఉన్న రూతు పరాయి దేశం మోయాబు పిల్ల. ఆమె పేరు మోయాబులో పెట్టిన పేరే. రాహాబు యెరికో గోడ మీద కాపురమున్న మనిషి, ఆమె పేరూ అదే. వాళ్లను ఆ వంశంలో కలుపుకున్నవాళ్లు పేర్లు మార్చలేదు, ఊర్లు దాచలేదు. క్రీస్తు వంశానికి రాని నామోషీ పుంగనూరు సంఘానికి యాల?

అది చెబుతూ చెబుతూ నాకు మా తాత గుర్తొచ్చాడు. మా ఇంటి గొప్పంతా ఆయన దగ్గర మొదలవుతుంది. ఆయన గుర్రంకొండ వైపు పల్లెలో గంగప్పగా పుట్టి, బాప్తిస్మంలో జ్ఞానప్రకాశం అయ్యాడు. అంతవరకు తెలుసు. ఆయన తండ్రి పేరు ఏమిటో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. నేను ఒకసారి ఆ పల్లెకు పోయి ముసలివాళ్లను అడిగాను. గంగప్ప అనే పేరు గల పిల్లవాడు ఊరు విడిచిపోయాడని కూడా ఎవరికీ జ్ఞాపకం లేదు. దేవుని సేవలో మూడు తరాల వాళ్లమని గొప్పగా చెప్పుకునే మా వంశం ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు మొదలవుతుంది. ఆయన వెళ్లిపోయిన రోజు, చెంగప్పలాంటి తండ్రి ఎవరో ఒకరు గేటు బయట నిలబడే ఉంటాడు. ఆయనకు ఎవరైనా నీళ్లిచ్చారో లేదో.

కమిటీలో ఇదంతా చెప్పేశాను. పెద్దాయన "సరే, బోర్డు పెద్దదిగా రాయిద్దాం, పేరు పొడుగు" అన్నారు. వెంకటరమణ వెంకటరమణగానే బాప్తిస్మం తీసుకున్నాడు.

ఎవరి కుమారుడు?

బైబిలు కాలేజీ చదువు ముగిశాక, రమణను పాస్టరుగా నియమించే ఆర్డినేషను మదనపల్లెలోని పెద్ద గుడిలో జరిగింది. అప్పటికి నా రిటైర్మెంటు దగ్గర పడింది. మా వైపు ఆర్డినేషనులో ఒక ఆచారం ఉంది. అభ్యర్థి చెయ్యి పట్టుకుని తండ్రో ఇంటి పెద్దో ముందుకు తీసుకొస్తారు. సంఘాల అధ్యక్షులు "ఇతను ఎవరి కుమారుడు?" అని అడుగుతారు. తీసుకొచ్చినవాళ్లు తండ్రి పేరు, తాత పేరు చెబుతారు.

రమణ పల్లెకు పోయి తండ్రిని పిలిచాడు. "జీవాల్ని ఎవరు సూస్తారు?" అన్నాడట చెంగప్ప. అందుకని నేను నిలబడాలని నిర్ణయమైంది. ఆ రోజు నా సంతోషం ఇంత అని చెప్పలేను. కమల నా తెల్ల అంగీని ఇస్త్రీ చేసిందే మళ్లీ చేసింది. ఆత్మీయ కుమారుడు అనాలా, ఉత్త కుమారుడు అంటే చాలా అని నేను రాత్రంతా మనసులో చెప్పుకుంటూ పడుకున్నాను.

రమణకు ముందు ఇద్దరు వచ్చారు. ఇద్దరూ అయ్యగార్ల పిల్లలే. "ఫలానా రెవరెండుగారి కుమారుడు, ఫలానా రెవరెండుగారి మనవడు" అని చెబుతుంటే గుడి అంతా చప్పట్లు. రమణ పేరు పిలిచారు. నేను లేచి వాడి చెయ్యి పట్టుకున్నాను. అంతలో వెనక గుమ్మం దగ్గర ఏదో అలికిడి. తిరిగి చూస్తే చెంగప్ప. చెప్పులు బయట విడిచాడు. కర్ర కూడా బయట పెట్టమని ఎవరో చెబుతుంటే ఆయన వినడం లేదు.

రమణ చెయ్యి వదిలేసి గుమ్మం దాకా నడిచాను. ఆ గుడి ఎంత పొడవో ఆ రోజు తెలిసింది. వదిలిన చెయ్యి నాకెంత ఇష్టమో కూడా తెలిసింది.

"రాండి చెంగప్పా" అన్నాను.

"నేను మీ దేవునికి మొక్కేదానికి రాలేదు అయ్యగారూ. నా కొడుకు పేరు సెప్పేదానికి వచ్చినా."

"అదే కావాల్సింది. కర్రతోనే రాండి."

ముగ్గురం అధ్యక్షుల ముందు నిలబడ్డాం. రమణ చెయ్యి తండ్రి చేతిలో పెట్టి నేను పక్కకు జరిగాను. "ఇతను ఎవరి కుమారుడు?" అని అధ్యక్షులు అడిగారు. మైకు ముందుకు పెడితే చెంగప్ప దాన్ని పక్కకు నెట్టేశాడు. కొండ మీద నుంచి మందను పిలిచే గొంతుతో చెప్పాడు.

"వీడు ఎంకటరమణ. సెంగప్ప కొడుకు. మునెప్ప మనమడు. మా తాత అక్కులప్ప. ఆయప్ప నాయన గురవప్ప. నాకు ఆడిదాకా తెలుసు. ఆపైన దేవునికి తెలుసు."

ఆయన చెప్పిన పెద్దల్లో ఒక్కరూ గుడి మెట్టు ఎక్కినవాళ్లు కాదు. అయినా నేను ఎన్నో డిసెంబర్లు చదివిన పేర్లు ఒక్కసారి చెవుల్లో మోగాయి. మా తాత తండ్రి పేరు తెలియని నేను, నాలుగు తరాలు గుక్కతిప్పుకోకుండా చెప్పిన ఆ మనిషి పక్కన నిలబడి ఉన్నాను.

అయిపోయిందనుకుని అధ్యక్షులు పుస్తకం తెరిచారు. చెంగప్ప కర్రను చంకలో ఇరికించుకుని నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఉండు సామీ, అయిపోలా. కన్నది నేను. ఈడిదాకా నడిపించింది ఈయప్ప. ఈయప్ప పేరు గూడా సదవండి." ముందు బెంచీ వైపు తల తిప్పాడు. "నీళ్లిచ్చిన ఆయమ్మ పేరు గూడా."

అధ్యక్షులు మా ఇద్దరి పేర్లూ చదివారు. అంతకుముందూ ఆ తర్వాతా నా పేరు చాలాచోట్ల చదివారు, శాలువాలు కప్పారు. అవేవీ నాకు గుర్తులేవు. ఇంటికి వచ్చాక కమల చెప్పింది. "నేను ఏడ్చినానని ఎక్కడా రాయొద్దు" అని. నేను రాయడం లేదు.

కుప్పం, మళ్లీ

పిల్లలూ, ఇదే నేను చేసిన ఉద్యోగం. మీకు పాస్టర్ల ఇంట్లో పుట్టిన భాగ్యం ఉంటే దేవునికి వందనాలు చెప్పండి, దాన్ని టికెట్టు అనుకోకండి. లేకుంటే చిన్నబోకండి. మీ దగ్గరికి వచ్చేవాళ్లు ఎవరో ఒకరి గడప దాటి వస్తారు. ఆ గడపలో ఉన్నవాళ్లను మరవకండి, వాళ్లకు నీళ్లివ్వండి. ఒకసారి తీసుకోకపోతే చెంబు లోపల పెట్టేయకండి. మా దేవదానం అయ్యగారు, లిల్లీ టీచరు ఇప్పుడు లేరు. వాళ్లు నాకు రక్తసంబంధం కాదు. నన్ను ఎవరి కుమారుడని అడిగితే వాళ్ల పేర్లు కూడా చెప్పాలి.

వెంకటరమణ ఇప్పుడు కుప్పంలో ఉన్నాడు. బోర్డు పెద్దదిగానే రాయించారు. తిరుపతి బస్సు ఎక్కడని ఇంతవరకూ ఎవరూ అడగలేదట. పోయిన డిసెంబరు మొదటి ఆదివారం మమ్మల్ని రమ్మన్నాడు. లిల్లీ టీచరు కూర్చునే రెండో బెంచీలో కూర్చున్నాం. అబ్రాహాము దగ్గర మొదలుపెట్టి ఒక్క పేరూ మింగకుండా చదివాడు. జెరుబ్బాబెలు దగ్గర తడబడితే నేను గట్టిగా అందించాను, జనం నవ్వారు. చదువుతూ చదువుతూ యోసేపు పేరు దగ్గరికి వచ్చేసరికి కొంచెం ఆగి మా బెంచీ వైపు చూశాడు.

నేను పక్కకు చూశాను. కమల తల ఎత్తుకునే ఉంది.